స్తంభానికి రెండు చుట్లు

నాకు భయం తక్కువ, నోరెక్కువ. మా అమ్మ నాగేంద్రమ్మ ఆ మాట అనని రోజు లేదు. 1989 ఏప్రిల్లో నూజివీడు పీజీ సెంటర్‌లో రీసెర్చ్ సీటు ఒక్కటే ఉంది. ఇంటర్వ్యూ చేసేది పాండురంగారావు మాస్టారు. ఆయన కాదంటే నా ఫిజిక్స్ అక్కడితో సరి.

"ఏం టాపిక్కమ్మా?"

"టొపలాజికల్ ఆర్డరండీ. పదార్థంలో ఏ మూల చూసినా కనపడదు. మొత్తం చుట్టి వస్తేనే తెలుస్తుంది."

"అదంతా బాగా చల్లబరిచినప్పటి మాట. వేడి తగిలితే కణాలన్నీ కలగాపులగం. ఏది ఎలా ఉందో ఎవరికీ తెలియని మిశ్రమ స్థితి. అందులో నీకు మిగిలేదేంటి, బూడిదా?"

ఒళ్ళు మండింది. ఉదాహరణకని ఇంటి నుంచి తెచ్చుకున్న తాడు తీసి, హాలు మధ్య స్తంభానికి రెండు చుట్లు వేశాను. మా తోటలో కాయలు కోసే బుచ్చయ్య కొమ్మకి తాడు ఇలాగే చుట్టి మామిడికాయల బుట్టలు దింపుతాడు.

"వేడంటే కుదుపేగా అండీ, ఎంతైనా ఊపండి. చుట్లు రెండే."

మాస్టారు లేచి, వేలాడుతున్న కొస పట్టుకుని నింపాదిగా విప్పేశారు.

"ఇప్పుడు సున్నా."

అయ్యో రామా! బుట్ట గాలిలో ఉండగా మా తోటలో కొస ఎవడూ వదలడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అదే చూశాను, కొస వదలకూడదని మాస్టారికి చెప్పాలనే తోచలేదు. సిగ్గేసింది. కానీ వెనక్కి తగ్గే రకాన్ని కాదు.

"అలా వదిలితే బుట్ట నెత్తిన పడుద్దండీ" అని మళ్ళీ చుట్టి, ఈసారి రెండు కొసలూ కలిపి ముడేశాను. "మీరటు తిరగండి" అని, అటెండర్ రిబ్కమ్మను పిలిచి తాడును ఇష్టమొచ్చినట్టు కుదపమన్నాను. ఆవిడ పూనకం వచ్చినట్టు కుదిపింది.

"తాడు ఎక్కడ జారిందో, ఎక్కడ బిగిసిందో చెప్పగలరా అండీ?"

"చూడకుండా ఎలా చెప్తాను?"

"చుట్లెన్ని?"

"రెండు."

"అదే నా టాపిక్కండీ."

మాస్టారు ఇటు తిరిగారు. "తాడు తెగేలా కుదిపితే?"

"పోతుందండీ."

"ఎంత కుదిపితే తెగుతుంది?"

"తెలియదండీ."

రిబ్కమ్మ నా వంక జాలిగా చూసింది.

"తెలియకుండానే వచ్చావా?"

"తెలిస్తే సీటెందుకడుగుతానండీ?"

మాస్టారు పెన్ను మూత తీసి, ఫారం ముందుకు లాక్కున్నారు.

"శారద... ఇంటిపేరేంటమ్మా?"