నిచ్చెన బావ సీటు

ఆ ఉదయం అక్క కారును తమ్ముడు తన షెడ్డుకు నడుపుకొచ్చిన తీరు చూసినవాళ్ళెవరైనా పడీ పడీ నవ్వేవాళ్ళు. వీపు వెనక రెండు దిండ్లు, సీటు అంచున మనిషి, స్టీరింగును వాటేసుకున్నట్టు చేతులు. క్లచ్చు తొక్కిన ప్రతిసారీ సగం మనిషి కిందికి జారిపోయేవాడు. సీటు కింది కడ్డీ లాగి కాస్త ముందుకు జరుపుకుంటే రాజాలా నడపొచ్చు. అతను మెకానిక్కు, ఆ సంగతి అతనికి ఒకరు చెప్పాలా? అయినా జరపలేదు. ఆ సీటు బావది.

బావ నిలువెత్తు మనిషి. ఏ గుమ్మంలోనైనా తల వంచి దూరాల్సిందే. తమ్ముడు ఆయన్ని నిచ్చెన బావ అనేవాడు. ఆయన మాత్రం ఊరుకుంటాడా? "నువ్వు బళ్ళ కింద పని చెయ్యడానికే పుట్టావురా బావమరిదీ, నీకు జాకీ కూడా దండగ" అని పదిమందిలో పరువు తీసేవాడు. కారు కొన్న రోజున సీటును వెనక్కి ముందుకి ఆడించి, మరీ చివరికి కాకుండా, తన మోకాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక చోట ఆపుకున్నాడు. ఆ తర్వాత దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

కిందటేడు ఆయన ఆఫీసు మెట్లెక్కుతూ కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆఫీసు ఆవరణలో మిగిలిపోయిన కారును ఇంటికి తెచ్చింది తమ్ముడే. ఆ ఏడుపులో అతనికి ఎందుకో సీటు జరపబుద్ధి కాలేదు. అంచున కూర్చునే తెచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క అడిగిన మొదటి మాట, "సీటు కదిపావా?"

"లేదక్కా" అన్నాడు. అప్పుడుగానీ ఆమె భోరుమనలేదు.

ఆనాటినుంచి అక్కకి ఒక అలవాటైంది. రోజూ పొద్దున, బావ ఆఫీసుకు బయల్దేరే వేళకి, కారు తలుపు తీసి, బయట నిలబడే ఒక కాలు లోపలికి చాచి క్లచ్చు తొక్కి, తాళం తిప్పేది. ఇంజను అందుకోగానే తలుపు మూసి, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చునేది. అది ఆమె జాగా. చేతిలో టీ గ్లాసు. టీ అయ్యేదాకా ఇంజను అలా గుర్రుగుర్రుమంటూ ఉండేది, కారు అంగుళం కదిలేది కాదు. అక్కకి డ్రైవింగు రాదనుకునేరు. బావకి నేర్పింది ఆవిడే. రోడ్డెక్కాలంటే ఆ సీట్లో కూర్చోవాలి, కూర్చుంటే జరపాలి, అదీ చిక్కు.

చూసిన ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు కూడా, భర్త కారును కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోందని. మెచ్చుకోళ్ళకేం, ఇంజను సంగతి వాళ్ళకేం తెలుసు!

ఈమధ్య కారు పొద్దున్నే వణకడం మొదలెట్టింది. అద్దాలు గిలగిలలాడేలా ఊగి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయేది. స్టీరింగు ముందు పసుపు రంగు దీపం వెలిగి ఆరనంది. అక్క తమ్ముడికి ఫోను కలిపింది. "ఒరే, ఆయన కారు చచ్చిపోతోందిరా, నువ్వేం చేస్తావో నాకు తెలీదు" అని ఫోనులో ఏడ్చింది.

షెడ్డులో తమ్ముడు బానెట్టు ఎత్తాడు. ఏది విప్పాలన్నా ముందు తెల్ల రంగుతో ఒక చిన్న గీత పెట్టడం అతని పద్ధతి. గొట్టానికో గీత, అది కూర్చున్న చోట ఇంకో గీత. మళ్ళీ బిగించేటప్పుడు గీతా గీతా కలిస్తే చాలు, ఎక్కడిది అక్కడికి వస్తుంది. ఆ రోజూ గీతలు పెట్టుకుంటూ ఒక్కొక్కటే విప్పి, గాలి లోపలికి పోయే దారి తెరిచి, లైటు వేసి చూశాడు.

వాల్వుల వీపుల మీద నల్లగా గడ్డలు గడ్డలుగా మసి. అడుగంటి మాడిన గిన్నెలా ఉన్నాయి. గాలి దూరడానికి సందే మిగల్లేదు.

పాత బళ్ళలో ఈ బాధ తక్కువ. పెట్రోలు వాల్వుల మీంచి లోపలికి పారేది, పారుతూ వాటిని కడిగేది. ఈ టర్బో బండిలో పెట్రోలు సూటిగా సిలిండరులోకే చిమ్ముతుంది. వాల్వుల దగ్గరికి వచ్చేది గాలి, దాంతోపాటు ఇంజనులోంచి వచ్చే ఆయిల్ ఆవిరి. ఆ ఆవిరే వాల్వులకి పట్టి మాడుతుంది. బండిని దూరం తీసుకెళ్ళి, ఇంజను బాగా కాగేలా, కాస్త గట్టిగా నడుపుతూ ఉంటే, వేళకి మంచి ఆయిల్ మారుస్తూ ఉంటే, మసి పేరుకోవడం తగ్గుతుంది. నిలబెట్టి ఊరికే ఆడించడమంత చేటు ఇంకోటి లేదు. వచ్చిన ప్రతివాడికీ తమ్ముడు ఈ మాట చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. సొంత అక్క రోజూ అదే పని చేస్తుంటే మాత్రం నోరు పెగల్లేదు. టీ గ్లాసుతో ఆ పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూశాక ఎవరికి పెగులుతుంది?

లోహాన్ని గీకకుండా మసినే రాల్చే అక్రోటు పెంకుల నూకను గాలి గొట్టంతో కొట్టి, ఒక్కో వాల్వునీ మెరిసేదాకా శుభ్రం చేశాడు. సాయంత్రానికి అంతా బిగించి స్టార్టు చేస్తే, కారు వణుకన్నది ఎరగనట్టు నిలబడింది. మళ్ళీ దిండ్లు వేసుకుని అక్క ఇంటికి చేరాడు.

అక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది. "బతికిందా?"

"బతికింది."

"రేపట్నుంచి రోజూ స్టార్టు చేసుకోవచ్చుగా?"

తమ్ముడు చేతులకి లేని మురికి తుడుచుకున్నాడు. అక్కకి తమ్ముడి మొహం చదవడం ఉగ్గుపాలనాటి విద్య.

"ఏంట్రా, దాస్తున్నావ్?"

"అలా నిలబెట్టి ఆడించకూడదక్కా. మసి పడుతుంది. మళ్ళీ ఇలాగే చేస్తే ఏడాది తిరక్కుండా మొదటికొస్తుంది. ఇంజనే పోవచ్చు."

ఆమె బానెట్టు మీద చెయ్యి వేసింది. "అంటే ఇన్నాళ్ళూ రోజూ నేనే దాని గొంతు నులిమానన్నమాట."

"అలా కాదక్కా..."

"మరెలారా? ఆయన్ని కాపాడుకోలేకపోయాను. ఆయన కారునైనా చూసుకుంటున్నానని మురిసిపోయాను." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడికి ఆ క్షణాన తన నాలుక కోసేసుకోవాలనిపించింది.

"వారానికోసారి ఊరు దాటించి తిప్పుకొస్తే చాలు. నేను తిప్పుతాలే" అన్నాడు.

"ఆ దిండ్లతోనా? పెద్ద రోడ్డు మీద బ్రేకు అందకపోతే? ఆయన కోసం ఏడ్చింది చాలు, నీ కోసం కూడా ఏడవమంటావా?" అని ఒంటికాలి మీద లేచింది. కోపంలోనే ఒక నిర్ణయానికి వచ్చినట్టుంది. "ఆదివారం రా. నేనే నడుపుతాను."

ఆదివారం వచ్చేసరికి అక్క కారు పక్కన నిలబడి ఉంది. తలుపు తీసి, మొదటిసారి ఆ సీట్లో కూర్చుంది. పాదాలు పెడళ్ళకి అందలేదు, పెద్దవాళ్ళ కుర్చీ ఎక్కిన చిన్నపిల్లలా ఉంది. కడ్డీ మీద చెయ్యి వేసి తీసేసింది. మళ్ళీ వేసింది. తమ్ముడు పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. టకటకమని సీటు ముందుకు జారిన చప్పుడు, దాని వెంటే "జరిగిపోయిందిరా" అన్న అక్క గొంతు వినపడ్డాయి.

వీధులు దాటారు. పెద్ద రోడ్డెక్కాక, "గేరు పెంచకు, తొక్కు" అన్నాడు తమ్ముడు. అక్క తొక్కింది. మీటరు ముల్లు పైకి లేచింది, టర్బో ఈల వేసింది, కారు ఒక్క ఉదుటున ఎగిరింది. బావ లారీని దాటేటప్పుడు వినపడే చప్పుడు అది. అక్క కళ్ళమ్మట నీళ్ళు ధారకట్టాయి. ఏడాదిగా ఆమె రోజూ విన్నది ఆయన బయల్దేరబోయే చప్పుడు. వెళ్ళిపోయే చప్పుడు ఇప్పుడే విన్నది.

"ఆపుతావా అక్కా, నేను తీసుకోనా?"

"వద్దు. ఇంజను కాగనీ."

తిరిగొచ్చి, కారు ఆపి, దిగీ దిగగానే అక్క వంగి కడ్డీ లాగింది. సీటు వెనక్కి వెళ్ళింది. ముందుకు లాగింది, మళ్ళీ తోసింది. "ఎక్కడుండేదిరా? ఇక్కడా? ఇంకాస్త వెనకా? ఒరే, ఆయన జాగా పోగొట్టేశానురా!"

తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని సెల్‌ఫోను లైటు వేసి సీటు కిందికి చూపించాడు. సీటు జరిగే పట్టా మీద ఒక సన్నటి తెల్ల గీత. సీటు అడుగున దానికి జోడీగా ఇంకోటి.

"మొన్న షెడ్డులోనే ఈ గీతలు పెట్టాను. ఎప్పటికైనా జరపక తప్పదని తెలుసు" అన్నాడు.

అక్క నేల మీద కూర్చుండిపోయింది. ఆ గీతను వేలితో తడిమి, రెండు గీతలూ కలిసేదాకా సీటును మెల్లగా తోసింది. వచ్చే ఆదివారం మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. తమ్ముడు జేబులోంచి రంగు కలం తీశాడు.

"నీ జాగాకి కూడా ఒక గీత పెట్టనా అక్కా? ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకెందుకురా? కాళ్ళు అందితే నా జాగా నాకు తెలుస్తుంది. ఆయన జాగా తెలియడానికే ఇంక ఆ గీత తప్ప దారి లేదు."