జెండా రోజున నోరైడాకు సెలవు

చట్టం ప్రకారం నా కూతురు నోరైడాను బడి కాదనడానికి వీల్లేదు. అందుకే హెడ్మాస్టరు డాన్ ఎవరిస్తో కాదనలేదు.

"చేర్చుకుంటాం తల్లీ, మాది అందరి బడి. కాకపోతే పిల్ల పక్కన ఇంటివాళ్లెవరో ఒకరు కూచోవాలి. పొద్దున గంట నుంచి ఇంటిగంట దాకా. కుదరదంటే చెప్పు, బలవంతమేం లేదు."

మా ఆయన నదిలో పోయాక ఇంటివాళ్లంటే నేనొక్కదాన్నే. తెల్లారకముందే మొక్కజొన్న పిండి ముద్దల్ని ఆకుల్లో చుట్టి, బోయోలు ఉడికించి, రేవులో అమ్ముకుని, రెండో తరగతి చివరి బెంచీలో ఇరుక్కునేదాన్ని. నోరైడాకు ఆటిజం. మాటలు తక్కువ, చెవులు మాత్రం పదిమందివి. అది కిటికీలోంచి నదిని చూస్తుంటే, నాకు వేరే పని లేక బోర్డును చూసేదాన్ని. అలా నాకు అక్షరాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి పంతులమ్మ సేన్యో బెలార్మినా పాఠం చెప్పి, ప్రశ్నలు నన్నే అడగసాగింది.

"శభాష్ ఎదిల్మక్కా! పిల్లలూ, చూసి నేర్చుకోండి."

అధికారులెవరైనా వస్తే డాన్ ఎవరిస్తో, "మా బడిలో ఒకరు చక్కగా కలిసిపోయారు" అని చెప్పేవాడు. అబద్ధమేం కాదు. ఎవరన్నది ఆయన చూసుకోలేదు, అంతే.

నెలకో మంచిగుణం ఎంచి, అది ఎవరిలో ఉంటే వాళ్ల చేత జెండా ఎత్తించడం మా బళ్లలో ఆనవాయితీ. అక్టోబరులో నన్ను గదిలోకి పిలిచాడు.

"ఈ నెల గుణం అందరినీ కలుపుకుపోవడం. జెండా నువ్వే ఎత్తాలి తల్లీ. ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది."

"మరి నోరైడా?"

"డ్రమ్ములంటే దానికి పడదు కదా పాపం. ఆ పూట ఇంట్లో ఉంచెయ్."

"పక్కన ఇంటివాళ్లుండాలని మీరే అన్నారు సారూ. నేనిక్కడుంటే అక్కడెవరు?"

ఆయన నవ్వలేదు. "ఆవిడ ముందు పిల్ల గోల పెట్టిందనుకో, దీనికిది తగిన చోటు కాదని ఆవిడే రాసి పోతుంది. వచ్చే ఏడు సీటు నా చేతుల్లో ఉండదు. ఆపైన నీ ఇష్టం."

ఇష్టం నాదైనా, పిల్లను ఉంచుకునే మనిషి దొరకలేదు. వెంట తీసుకెళ్లాను.

బ్యాండు మొదలైంది. నేను తాడు అందుకునేలోగా నోరైడా నా చెయ్యి విడిపించుకుంది. అరుస్తుందనుకుని కళ్లు మూసుకున్నాను. అరుపు రాలేదు. కళ్లు తెరిస్తే, అది తిన్నగా పెద్ద డ్రమ్ము దగ్గరకు వెళ్లి, రెండు అరచేతులూ చెంపా దానిమీద ఆనించి నిలబడి ఉంది. కొట్టే పిల్ల కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. మిగతా వాద్యాలూ ఒక్కొక్కటే ఆగాయి. డాన్ ఎవరిస్తో మొహం సున్నం కొట్టినట్టయింది. ఏం చెయ్యాలో తెలియక నేను తాడు లాగాను. గిలక కిర్రుకిర్రుమంటూ జెండా పైకి పోయింది. ఆ కిర్రుకు నోరైడా పకపకా నవ్వింది.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లొత్తుకుంది. "ఎంత గొప్ప ఆలోచన సారూ! ఆ పిల్ల కోసం డ్రమ్ములే ఆపించారా!"

డాన్ ఎవరిస్తో ఒక్క క్షణమే తడబడ్డాడు. "అవును మేడమ్. చాన్నాళ్లుగా సాధన చేయిస్తున్నాం."

"పైగా ఒక్కతే వెళ్లింది! పక్కన ఎవరూ అక్కర్లేదా?"

"అబ్బే, మా బడిలో ఆ అవసరమే రాదు మేడమ్."

బడంతా విన్నది.

మర్నాడు గేటు దగ్గరే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నోరైడా ఆ చేతి కిందుగా దూరి, వెనక్కయినా చూడకుండా క్లాసుకు నడిచింది.

"నువ్వెక్కడికి తల్లీ? నిన్న విన్నావుగా, ఇక నీ అవసరం లేదు."

సంతోషించాల్సిన మాటే. సంతోషించాను కూడా. కానీ సేన్యో ఆ రోజే భాగహారం మొదలుపెడతానంది.

"సారూ, నన్నూ చేర్చుకోండి," అన్నాను. "ఇంటివాళ్లెవరో ఒకరు పక్కన ఉండాలంటే, నోరైడాను కూచోబెట్టుకుంటాను."