గడువు దాటిన పొట్లం

శూ-పిన్ అత్తగారు బాంగ్చీకి పారేయడమనే విద్య ఎవరూ నేర్పలేదు. కావ్‌శ్యుంగ్ నగరంలో ఆ సందులో ఎవరి ఫ్రిజ్ తెరిచినా కూరలు కనిపిస్తాయి. వీళ్ళ ఫ్రిజ్ తెరిస్తే చరిత్ర కనిపిస్తుంది. రెండేళ్ళ కిందటి పడవల పండుగకు చుట్టిన బియ్యం పొట్లాలు, ఎప్పుడో పోయిన పిల్లికి రాసిచ్చిన చుక్కల మందు, ముల్లంగి ఊరగాయ సీసాల వెనక అయిదేళ్ళుగా ఉన్న ఒక వెండిరంగు పొట్లం. ఆ పొట్లం గడువు మూడేళ్ళ కిందటే దాటింది.

బుధవారం పొద్దున అత్తగారు పెరట్లో తామర తొట్టె దగ్గర సరిగ్గా ఆ పొట్లాన్నే కత్తిరిస్తూ దొరికింది.

"అది దోమపిల్లల మందు కదూ! తేదీ చూశారా అత్తమ్మా?"

"చూశా. నా తేదీ కూడా ఎప్పుడో దాటింది. నన్ను పారేశావా మరి?"

"మీ మీద ముద్ర వెయ్యలేదు, అందుకని బతికిపోయారు."

మాట అన్నదే గాని, శూ-పిన్‌కి ఆ రోజు నవ్వు రాలేదు. నాలుగిళ్ళ అవతల ఒకాయనకు డెంగీ అని ముందురోజే తేలింది. తన కూతురు ఆన్-చీకి పోయినేడాది ఒకసారి వచ్చి తగ్గింది. రెండోసారి వస్తే ఇంత తేలిగ్గా వదలదని డాక్టరు చెప్పాడు. అందుకే పేట దోమల నివారణ దళం నాయకురాలిగా ఆమె నిన్న సాయంత్రమే నలభై ఇళ్ళకు కొత్త పొట్లాలు పంచింది. ఇంకా ఏడాది గడువున్న సరుకు. తడి తగలకుండా నెలన్నర పాటు గుడిలో, చనిపోయినవాళ్ళ పేర కాగితపు డబ్బు కాల్చే కొలిమి వెనక గదిలో దాచింది. పేటలో అంతకంటే పొడిచోటు లేదు.

"రెండూ వేసి చూద్దాం. నోరు నొప్పెందుకు?" అంది బాంగ్చీ.

మూడు అన్నం గిన్నెల్లో తొట్టె నీళ్ళు, దోమపిల్లలతో సహా ముంచారు. ఒకదాంట్లో పాతపొడి చిటికెడు, ఇంకోదాంట్లో కొత్తపొడి చిటికెడు. మూడోదాంట్లో ఏమీ వెయ్యలేదు. శూ-పిన్ కాలేజీలో చదివిన సైన్సుకు ఆ మాత్రం మర్యాద. పాతపొడి గిన్నెలో అత్తగారు ఒక చిట్టి చేపను కూడా వదిలింది.

గంట గడిచేసరికి పాతపొడి గిన్నెలో మెలికలు మందగించాయి. మధ్యాహ్నానికి ఒక్కటీ కదల్లేదు. చేప మాత్రం వాటి మధ్య హాయిగా తిరుగుతోంది.

శూ-పిన్ కూర చెయ్యడం మరిచిపోయి చూస్తూ నిలబడింది. ఆ పొడిలో ఉండే, కంటికి ఆనని సూక్ష్మజీవి నిద్రపోయే ముందు తన పక్కన ఒక విషపు పలుకు కట్టుకుంటుందని ఎక్కడో చదివింది. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు గిన్నెలో ఉంది. ప్రభుత్వాలు మారాయి, పిల్లి పోయింది, పిల్ల బడికి వెళ్ళింది; అయిదేళ్ళూ ఆ చలి చీకట్లో అది దేన్నీ పట్టించుకోకుండా పడుకుంది. లేచీ లేవగానే ఎవరి పని పట్టాలో, ఎవరిని వదలాలో దానికి తెలుసు. ఆమె రెండో గిన్నె వైపు వంగింది.

కొత్తపొడి గిన్నెలో దోమపిల్లలు, ఏమీ వెయ్యని గిన్నెలోవాటిలాగే, చిందులేస్తున్నాయి.

"ఎక్కడ పెట్టావే ఈ కొత్త పొట్లాలని?"

"కొలిమి వెనక గదిలో..."

"దయ్యాల నెలంతా పేట పేటంతా కాల్చిన కొలిమా! ఓసి నా తల్లీ! ఇది బతికున్న మందని, నా పాత పొట్లం ఇంటికొచ్చి ఇచ్చినమ్మాయే ఆ రోజు చెప్పింది. బతికున్నదాన్ని పొయ్యి పక్కన పెడతారటే? పాలు ఎక్కడ పెడతామో అక్కడ పెట్టాను నేను."

ఆ గదిలోంచి పొట్లాలు తెచ్చేటప్పుడు వేడి గోడ తగిలి చెయ్యి వెనక్కి లాక్కోవడం శూ-పిన్‌కి గుర్తొచ్చింది. ఎంత బాగా ఆరిందో అని అప్పుడు సంతోషించింది కూడా. నలభై ఇళ్ళవాళ్ళు మందు వేశాం కదా అని నిశ్చింతగా ఉన్నారు. వారంలో ఆ ఇళ్ళ తొట్లలోని దోమపిల్లలన్నీ రెక్కలు తొడుక్కుంటాయి.

ఆమె పేట పెద్ద కువో ఆఫీసుకు పరుగెత్తింది. ఆయన విని గొంతు తగ్గించాడు. "ఎవరికీ తెలియదుగా అమ్మా. వారంలో కొత్తది తెప్పించి మెల్లగా మార్చేద్దాం. నీ పరువూ దక్కుతుంది."

"దోమలు మన పరువు కోసం ఆగవు, అన్నయ్యా. మైకు ఇటివ్వండి."

సందు సందునా స్తంభాల మీది మైకులు గరగరమన్నాయి.

"నేను శూ-పిన్‌ని. నిన్న నేనిచ్చిన మందు పనిచెయ్యదు. తొట్లూ కుండీలూ ఇప్పుడే వంచెయ్యండి. దాన్ని వేడిలో పెట్టి చంపింది నేనే. తప్పు నాది."