తాళం మేడమ్ రాసిన జవాబు

ఆఫీసులో వెనకాల అందరూ ఆవిడని తాళం మేడమ్ అంటారు. ఆవిడ ఒక రూలు రాసిందంటే చీమ దూరడానికి కూడా సందుండదు మరి. మొదట్లో ఇంటర్నెట్ చట్టాలు చదువుతానన్నప్పుడు మేనమామ పడీపడీ నవ్వాడు. "ఇంటర్నెట్‌కి లాయరేమిటే? సిగ్నల్ రాకపోతే కేసు వేస్తావా?" అన్నాడు. ఆ నవ్వినాయనే ఇవాళ మేనకోడలి గొప్ప ఊరంతా టముకు వేసుకుంటూ తిరుగుతున్నాడు. లక్షలమంది ఫోన్లలో కబుర్లు చెప్పుకునే యాప్ నడిపే కంపెనీ అది. ఎవరి సంగతి ఎవరికి చెప్పొచ్చో, ఎవరికి చెప్పకూడదో తేల్చేది ఈవిడే.

అలాంటి మనిషి ఈ మధ్యాహ్నం తల కూడా దువ్వుకోకుండా, తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకి పరిగెత్తుకొచ్చింది. నిన్నటినుంచి తమ్ముడు కనబడటం లేదు.

ముప్పై ఏళ్ళొచ్చినా ఇంట్లో వాడు చంటోడే. ఉద్యోగం పోయాక దిగులుతో మంచం పట్టాడు, డాక్టరు మందులిచ్చాడు. నిన్న ఈవిడ ఏ చిరాకులో ఉందో ఏమో, "నీ ఏడుపు మొహం చూడలేక చస్తున్నానురా" అనేసింది. వాడు మందుల డబ్బా జేబులో వేసుకుని బయటికి నడిచాడు. బతకాలనుకునేవాడూ మందులు తీసుకెళతాడు, చావాలనుకునేవాడూ తీసుకెళతాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పోలీసులేమో, "పెద్దవాడు, అలిగి వెళ్ళాడు, కోర్టు కాగితం లేకుండా మేమేం చెయ్యగలం?" అని చేతులు దులుపుకున్నారు. ఆ కాగితం వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఇక మిగిలింది సొంత కంపెనీయే. వాడి ఖాతా ఇందులోనే ఉంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక తండ్రి ఈ కంపెనీకి ఫోన్ చేసి, కూతురు చచ్చిపోతానంటోందని బావురుమన్నాడు. పాపం అనుకుని ఆ పిల్ల ఎక్కడుందో చెప్పారు. ఆ మహానుభావుడు వెళ్ళి హాస్టల్ గదిలోంచి పిల్లని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆ తర్వాతే ఈవిడ కొత్త రూలు రాసింది. ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తే, కంపెనీ ముందు ఆ మనిషికే కబురు పెడుతుంది: మీవాళ్ళు అడుగుతున్నారు, చెప్పమంటారా? సరేనంటే చెబుతారు. వద్దన్నా, అసలు పలక్కపోయినా, ఇంటివాళ్ళకి వెళ్ళేది ఒకే జవాబు: "ఈ ఖాతా గురించి మేము చెప్పగలిగింది ఏమీ లేదు." వద్దన్నారని తెలిస్తే బతికే ఉన్నారని తెలిసిపోతుంది, ఇక వేట మొదలెడతారు. అందుకని. వద్దన్న మాట క్షణంలో వచ్చినా సరే, గంట ఆగే చెప్పాలని కూడా రాసింది, ఆ తొందరని బట్టి కనిపెట్టేస్తారని. ఎంత మురిసిపోయిందో ఆ వేళ!

ఇవాళ తనే అర్జీ పెట్టుకుంది. తల్లి పక్కన, వచ్చేపోయేవాళ్ళ సోఫాలో కూర్చుని ఆ గంటా ఎలా గడిపిందో ఆవిడకే తెలియదు. గడవగానే అర్జీల గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అక్కడున్నది ఆవిడ దగ్గర పని నేర్చుకున్న జూనియరే. ఆ అమ్మాయి చటుక్కున కంప్యూటర్ తెర ఆర్పేసింది.

"ఏమొచ్చింది?"

జూనియర్ లేచి, గోడవైపు తిరిగి నిలబడింది. "ఈ ఖాతా గురించి మేము చెప్పగలిగింది ఏమీ లేదు, మేడమ్."

"అది నాకు కంఠతా వచ్చు. వాడు వద్దన్నాడా, అసలు పలకలేదా? అదొక్కటి చెప్పు."

"ప్లీజ్ మేడమ్..."

"ఎక్కడున్నాడని అడగట్లేదమ్మా. నా మొహం చూడనంటే చూడొద్దు. జన్మలో నా గడప తొక్కొద్దు. ఉంటే చాలు. తల ఊపు, అంతే. పోనీ, ఒక్కసారి దగ్గు."

"మొహంలో కూడా తెలియనివ్వకూడదని మీరే నేర్పారు. నాకు మొహం దాచుకోవడం రాదు. అందుకే ఇటు తిరిగాను."

"నీ కాళ్ళు పట్టుకుంటాను." అనడమే కాదు, నిజంగానే వంగింది. గోడకి నుదురు ఆనించి జూనియర్ వెక్కివెక్కి ఏడవసాగింది. ఆ ఏడుపు ఎందుకని? వాడు పలకనందుకా? బతికుండీ అక్కని వద్దన్నందుకా? ఊరికే జాలా? తాళం మేడమ్ ఊపిరి బిగబట్టి ఆ వెక్కిళ్ళు ఒక్కొక్కటీ విన్నది. ఏమీ తెలియలేదు. ఆనాటి తండ్రి కూడా ఫోన్లో అచ్చం ఇలాగే బతిమాలుకున్నాడు. ఆ రికార్డింగ్ తనే స్వయంగా విన్నది. లేచి బయటికి వచ్చింది.

తల్లి సోఫా అంచున కూర్చుని ఉంది. మెడలో విజిటర్ కార్డు వేలాడుతోంది. కూతుర్ని చూడగానే లేచి నిలబడింది. "ఏమన్నారే?"

ఆవిడ ఆ వాక్యమే చెప్పింది. ఇంకేం చెబుతుంది?

"అదేం మాటే? ఉన్నట్టా, లేనట్టా? అన్నం తినేవాడెవడైనా అలా రాస్తాడా?"

"నేనే రాశానమ్మా."

కూతురు తిట్లకి సిద్ధపడి తల వంచుకుంది. తిడితే బాగుండును, నాలుగు తగిలించినా బాగుండును అనిపించింది. కానీ ముసలావిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. కూతురి రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

"నువ్వే రాశావా! ఆ ముక్క ముందే చెప్పొద్దుటే, నా ప్రాణం పోయినంత పనైంది. అయితే దానర్థం నీకు తెలుసుగా. చెప్పు తల్లీ. చంటోడు బతికే ఉన్నాడు కదూ?"