ఇంకా పడని దెబ్బ

నవంబరులో టెవియట్ లోయ మీద మంచు గట్టిపడేసరికి ఎఫీకి పొద్దస్తమానం స్వీడ్ దుంపల పనే. ఎడమచేత్తో ఆకులు పట్టి పీకడం, కొడవలితో ఒక వేటుకి వేరు, ఇంకో వేటుకి ఆకు తెగ్గొట్టడం, ఆ తర్వాత ఏరడం. మచ్చలేనివి పాతరలోకి పోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గొర్రెలకి అవే తిండి. కమిలినవి ఆ పూటే మేపెయ్యాలి. పాతరలో పడితే పక్కవాటినీ కుళ్లబెడతాయి.

ఆ చేలో కమిలినవే ఎక్కువ. మొగుడు గిడియన్ ఎఫీని కొడితే తెల్లారేసరికి ఆ దెబ్బ దుంపల మీద తేలేది. చెంపదెబ్బయితే నాలుగు వేళ్ల వాతలు, బూటుతో తన్నితే మడమంత నల్లటి గుంట. ఇరుగుపొరుగు వాళ్లు ఆ ఇంట్లోకి తొంగిచూడక్కర్లేదు, చేని రాతిగోడ దగ్గర ఆగితే చాలు. ఆగేవారు, చూసేవారు, "ఈ వారం గట్టిగానే పడ్డట్టున్నాయి" అనుకుని టోపీలు సర్దుకుని పోయేవారు. వాళ్ల మంచితనం అంతవరకే. ఏరి పాతరేసిన వాటి మీదా కొత్త దెబ్బలు తేలి, తొమ్మిదేళ్లుగా ప్రతి ఫిబ్రవరిలో పాతర కుళ్లేది, మార్చిలో చూడి గొర్రెలు ఆకలికి చచ్చేవి.

మంద బతకాలంటే గిడియన్ చెయ్యి ఆపుకోవాలి. వాడికి మాత్రం వేరే ఉపాయం తట్టింది. ఈ ఏడు స్వీడ్ నాలుగు సాళ్లకి కుదించి, మిగతా చేనంతా మాంగోల్డు అనే మరో రకం దుంప వేశాడు. మాంగోల్డు తోలు ఎర్రన. కమిలినా గోడవతల వాళ్లకి కనబడదు. అవన్నీ అక్టోబరులోనే పాతరకెక్కాయి.

నాలుగో సాలు చివర ఎఫీ ఒక దుంప పీకి అలాగే నిలబడిపోయింది. అది నెత్తి నుంచి సగం దాకా చీలి, రసం కారుతోంది. అచ్చం కొడవలి వేటు. ఆమె కొడవలి దానికింకా తగలనేలేదు.

"తాతా, ఇటు చూడు."

డాండీ అరవయ్యేళ్లుగా ఆ కొండ మీద గొర్రెలు కాస్తున్నవాడు. గాటులో వేలు పెట్టి చూశాడు.

"నీ తల చూపించమ్మా."

"నా తలకేం కాలేదు."

"అదే నా భయం. ఇది పడిన దెబ్బ కాదు తల్లీ, పడబోయేది. హాయిక్‌లో మీ అక్క దగ్గరికి పో. ఇవాళే పో."

"నేను పోతే గొర్రెల గతేంటి? నూట ఇరవై ఉన్నాయి. మా నాన్న వాటిని నాకిచ్చాడు, వాడికి కాదు."

ఆ దుంపని కొట్టంలో దుంపలు తరిగే మిషను పక్కన, అర మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే గిడియన్ మాంగోల్డు పాతర తవ్వి బండికెత్తుతున్నాడు. ఎఫీ పరుగున వచ్చింది.

"కొత్త సంవత్సరం రాకుండా మాంగోల్డు ఎవరైనా మేపుతారా? పాతరలో మగ్గకపోతే అది విషం. పారుకుని చస్తాయి!"

"ఏమే, రైతువి నువ్వా నేనా? నీ స్వీడ్ అయిపోయిందిగా, ఇంకేం పెట్టమంటావ్? నోర్మూసుకుని తొట్లు నింపు."

"నింపను."

చెంప పగిలింది. బండిలో ఎర్రతోలు మీద ఎక్కడో ఆ వాతలు తేలే ఉంటాయి, ఎవరికీ కనబడలేదు. తొట్లు వాడే నింపాడు.

మూడు రోజుల్లో పదిహేడు గొర్రెలు పారుకుని, కాళ్లు కొట్టుకుంటూ చచ్చాయి. నాలుగోరోజు మధ్యాహ్నం డాండీ బయట వాటి తోళ్లు ఒలుస్తుంటే, గిడియన్ కొడవలి పట్టుకుని ఎఫీ ఉన్న కొట్టంలోకి వచ్చాడు.

"నీ నోటి మాటే తగిలిందే! చస్తాయన్నావు, చచ్చాయి. ఇప్పుడు నీ వంతు!"

కొడవలి ఎఫీ నడినెత్తి మీద పడింది. పడింది గాని దిగలేదు. ఒక్క వెంట్రుకైనా తెగలేదు. అర మీది దుంప మాత్రం రెండు చెక్కలై కిందకి దొర్లింది.

గిడియన్ దాన్ని చూశాడు. ఎఫీ కూడా చూసింది. రెండో దెబ్బకి అడ్డుపడే దుంప లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

వాడి చెయ్యి మళ్లీ లేచేలోపు మిషను మీదున్న తన కొడవలి అందుకుని ఆ చేతి మీదే వేసింది ఎఫీ. రెండు వేళ్లు గడ్డిలో పడ్డాయి. వాడి అరుపుకి మంద మొత్తం బెదిరి గోడకి కొట్టుకుంది. ఎఫీకి సిగ్గుగానీ జాలిగానీ కలగలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఊపిరి నిండా తీసుకుంది, అంతే.

డాండీ ఆ చేతికి గోనెపట్టా చుట్టి వాణ్ణి బండెక్కించాడు.

"పద అబ్బాయ్, హాయిక్‌లో కుట్లేస్తారు. మళ్లీ ఇటు రాకు. ఆమె గురి బాగుంది."

తెల్లారి చూస్తే, మేపగా చేలో మిగిలిన నాలుగు దుంపలకీ రెండేసి గాట్లు. గోడ దగ్గర పొరుగువాళ్లు ఆగారు.

"ఎఫీ, ఇది నీకు తగిలింది కాదే?"

"కాదు. నేను వేసింది."

అలవాటు కొద్దీ టోపీల మీదికి చేతులు పోయాయి. టోపీలు సర్దుకోలేదు, తీశారు. ఎవరో గేటు తెరిచారు. సాయంత్రానికి మూడు బండ్ల స్వీడ్ దుంపలు ఆమె వాకిట్లో దిగాయి.

ఫిబ్రవరిలో పాతర తెరిస్తే ఒక్కటీ కుళ్లలేదు. మార్చిలో ఆకలితో ఒక్క గొర్రె కూడా పోలేదు. అయినా ఎఫీ ప్రతి దుంపనీ చేతిలోకి తీసుకుని, చుట్టూ తిప్పి, నెత్తి మీద గాటు లేదని చూసుకున్నాకే తొట్లో వేసేది.