తలనొప్పి ఉందా? లేదు

ఆమె బకెట్లో నానిన దుప్పటిని పిండుతుంటే వెనక నుంచి అత్తగారు అన్నారు.

"ఏడో నెలలో ఒళ్లు కాస్త వంచితేనే కాన్పు తేలికవుతుందట. నా మాట కాదమ్మా, యాప్‌లోనే చెప్పారట."

ఆ యాప్ మీద కోడలికి మొదటి నుంచీ అనుమానమే. గర్భిణులకు జాగ్రత్తలు నేర్పడానికి ఆసుపత్రివాళ్లు ఇచ్చిందది. ఆమెది బటన్ల ఫోను కాబట్టి భర్త ఫోన్లో పెట్టించారు. వారానికో వీడియో, ఒంట్లో ఎలా ఉందని నాలుగు ప్రశ్నలు. జవాబులు అతనే నొక్కుతాడు, వీడియో కూడా అతనే చూస్తాడు, దాని సారం భోజనాల దగ్గర చెబుతాడు. చిత్రమేమిటంటే యాప్ డాక్టరుదైనా పలుకు మాత్రం అచ్చం అత్తగారిదే. మెట్లెక్కి దిగితే మంచిదట. పగలు పడుకుంటే బిడ్డ బద్ధకస్తుడవుతాడట. పనిమనిషిని మానిపించిన వారంలోనే, ఇల్లు తుడిస్తే మంచిదని వీడియో ఎలా వచ్చిందో, ఎక్కడో కూర్చున్న డాక్టరుకి ఈ ఇంటి గుట్టు ఎలా తెలిసిందో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే తల్లీ కొడుకూ ఒక్కటవుతారు. అడక్కపోతే లోపల పురుగు తొలుస్తూనే ఉంటుంది.

మూడు వారాలుగా తల పగిలిపోతోంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. చెబితే, "లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా?" అన్నాడు భర్త. పోయిన ఆదివారం అతను స్నానానికి వెళ్లినప్పుడు అతని ఫోన్లో ఆ యాప్ తెరిచింది. తలనొప్పి ఉందా? అవును అని నొక్కింది. దొంగతనం చేస్తున్నట్టు స్నానాలగది తలుపు వైపు రెండుసార్లు చూసింది. తన తల గురించి తను చెప్పుకోవడానికి ఇంత భయమేమిటని తన మీద తనకే ఒళ్లు మండింది. ఆసుపత్రి నుంచి పిలుపు వస్తుందని వారమంతా ఎదురుచూసింది. రాలేదు.

దుప్పటి పిండిన రోజు మధ్యాహ్నమే నెలవారీ పరీక్షకు భర్తతో ఆసుపత్రికి వెళ్లింది. నర్సు బీపీ చూసింది, మళ్లీ చూసింది. కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఇదేంటమ్మా, తొమ్మిది వారాలుగా అన్నిటికీ లేదు, లేదు అనే పెట్టావు. ఆదివారం ఒక్కరోజు తలనొప్పి ఉందన్నావు. వెంటనే రమ్మని మెసేజ్ కూడా పంపాం. పది నిమిషాల్లో మళ్లీ లేదని మార్చేశావు. అంతలోనే పోయిందా?"

ఆమె భర్త వైపు చూసింది. అతను గోడ గడియారం చూస్తున్నాడు. అనుమానం నిజమైన రోజు గుండె బద్దలవుతుందనుకుంది. కాలేదు. నా బుర్రేమీ చెడిపోలేదన్నమాట అనుకుని నెమ్మదిగా ఊపిరి వదిలింది.

"పగలు రెండు గంటలు పడుకోమని, బరువులు ఎత్తొద్దని వీడియోలో చెప్తున్నాం కదా. చూడట్లేదా?"

"చూస్తుందండీ, కాస్త మతిమరుపు," అన్నాడు భర్త. "రెండ్రోజులాగి తీసుకొస్తాను. ఇంట్లో మా అమ్మ ఒక్కర్తే అయిపోతుంది."

"బీపీ ఇంతుంటే ఇంటికెలా పంపిస్తామండీ? తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఇప్పుడే చేర్చుకోవాలి." నర్సు కాగితం ముందుకు లాక్కుంది. "తలనొప్పి ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచేనండీ," అన్నాడు భర్త.

నర్సు రాయబోయింది.

"మూడు వారాల నుంచి," అంది ఆమె. "ఆదివారం ఉందని నొక్కింది నేను. లేదని మార్చింది ఈయన. అది కూడా రాయండి."