రాళ్ళకు ఉద్వాసన

భూమి గుంజుకోవడానికి పాతిన రాయికే పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టిన జనంతో ఉద్యమం నడపాలి. నడిపేవాడికి తెలుస్తుంది ఆ మంట.

మాది సిద్దగేరి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాలి. పత్తి, ఉల్లి, బోరు దయతలిస్తే మిరప. ఆ నేలంతా పారిశ్రామిక పార్కుకు కావాలని సర్కారు నోటీసు అంటించింది. అడగలేదు, అంటించింది. అది కూడా బడి గోడకు, సెలవుల్లో. తర్వాత సర్వే వాళ్ళు ఎర్రరంగు పూసిన రాళ్ళు తెచ్చి చేలల్లో పాతిపోయారు. మా అక్క హంపమ్మ చేను నట్టనడుమ ఒక రాయి పడింది. బావ పోయాక ఆమె ఒక్కతే చేసుకొస్తున్న చేను అది. అది పోతే ఆమె ఏటేటా పోయే కోసిగి కూలోళ్ళ వెంట గుంటూరు మిరప కోతలకు వలస పోవాలి. ఆ మోకాళ్ళతో. వేరే దారి లేదు.

ఎండాకాలమంతా మీటింగులు పెట్టాను. వచ్చినవాళ్ళు ముందు టీ అడిగారు. ఒకడు లాయరన్నాడు, ఒకడు ఎమ్మెల్యే అన్నాడు, ఒకడు "మన చేతిలో ఏముందిలే" అని బీడీ ముట్టించాడు. ఆదోని పత్తి సావుకార్లు మద్దతిస్తామన్నారు, పేరు మాత్రం బయటికి చెప్పొద్దన్నారు. అరిచి, తిట్టి, బతిమాలి, చివరికి అందరినీ ఒక మాట మీద నిలబెట్టాను. సోమవారం, ఆదోనిలో అర్జీలు తీసుకునే రోజు, పొద్దున్నే ఎవడి రాయి వాడు పీకాలి. అన్నీ ట్రాక్టరుకెత్తి సబ్ కలెక్టరు ఆఫీసు ముందర కుప్ప పోయాలి. అందరూ పీకితే ఏ ఒక్కడి మీదా కేసు నిలవదు. అందరూ చేతులెత్తారు. అక్క పక్క చేను ఈరప్ప అయితే రెండు చేతులూ ఎత్తాడు.

ఆ ఆదివారమే ఏరువాక పున్నమి. నాకు తట్టలేదు.

సోమవారం గడ్డపారలు మోసుకుని పోతే ఏముంది, ప్రతి రాయీ పసుపుముద్ద. టెంకాయ చిప్పలు, ఊదుకడ్డీలు. పైగా ఎవడో ఫోటో తీసి పేపరుకిచ్చాడు. 'సర్వే రాళ్ళకు రైతుల పూజలు, పార్కు రాకపై హర్షం' అని తెల్లారేసరికి అచ్చు పడింది.

"ఏందక్కా ఇది?"

"ఏది?" అంది హంపమ్మ.

"ఈ పసుపేంది?"

"పున్నమి గదా. ఎద్దులకు పూసినం, గుంటకకు పూసినం, గొర్రుకు పూసినం. మిగిలింది యాడ పారేద్దును? సేన్లో కొత్తరాయి ఉండాది, దానికీ ఇంత పూసినా."

"అది నీ సేను మింగేదానికి వచ్చిన రాయి!"

"రాయి సర్కారుదే కానీలేప్పా. పసుపు నాది గదా. పూసినాక పీకగూడదు."

నేను ఈరప్ప వైపు తిరిగాను. "నువ్వన్నా రాప్పా. రెండు సేతులెత్తితివి గదా."

"నువ్వు దేవుణ్ణి నమ్మవు శేషన్నా, నీకేం ఫరవా లేదు. మాకు పిల్లలుండారు."

"నాకు లేరా?"

"ఉండారు. మీ ఇంట్లో ఆయమ్మ మొక్కుతాది, దానికే బాగుండారు."

జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండి గడ్డపార ఎత్తాను. అక్క వచ్చి రాయికి అడ్డం నిలబడింది. "పొడుసు. ముందు నా కాలు పొడిసి, తర్వాత రాయి పీక్కో."

ట్రాక్టరువాడు హారన్ కొట్టాడు. "లోడు లేదా అన్నా? లేకుంటే నేను ఎరువుకు పోతా." పోయాడు. రెండు నెలల నా అరుపులు ఆ ట్రాక్టరు వెంబడే పోయాయి. నేను గట్టు మీద కూలబడ్డాను.

పోతూ పోతూ అక్క ఒక మాట అంది. "ఆచార్లను అడుగు. ఆయప్ప పీకమంటే పీకుతాం."

ఆచార్లు అంటే భీమరావు. మంత్రాలయం నుంచి వచ్చి ఆదోనిలో స్థిరపడిన పురోహితుడు. మా ఊరి గృహప్రవేశాలన్నీ ఆయనవే. పోయే భూమిలో ఆయనదీ ఒక ఎకరా ఉంది, ఈరప్పకు కౌలుకిచ్చాడు. ఒక్క మీటింగుకు రాలేదు. పిలిచినప్పుడల్లా ఆ రోజు ఏకాదశి. నెలకెన్ని ఏకాదశులో లెక్క పెట్టడం మానేశాను. అట్లాంటి మనిషి గడప తొక్కాల్సి వచ్చింది నాకు.

"ఏమప్పా, మీటింగుకు పిలవను వచ్చినావా?" అన్నాడు భీమరావు.

"లేదు సామీ. మంత్రానికి వచ్చినా."

ఆయన నవ్విన నవ్వుకు వంటింట్లో నుంచి ఆయన భార్య సరస్వతీబాయి బయటికొచ్చింది. సంగతి విని, "శేషన్న మంత్రానికి వచ్చినాడంటే నోటీసు గట్టిదే" అంది.

రాళ్ళ కథ చెప్పాను. భీమరావు మొదట తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆగి అడిగాడు. "పూజ చేసినారు సరే. ఉద్వాసన చెప్పినారా?"

"అంటే?"

"వినాయకుణ్ణి నీళ్ళలో వేసేముందు విగ్రహాన్ని ఇంత కదిలిస్తారు, చూసినావా లేదా? అది ఉద్వాసన. పిలిచిన దేవుణ్ణి మర్యాదగా సాగనంపేది. పోయి రా స్వామీ అంటే ఆయన పోతాడు. మిగిలేది వట్టి మట్టి."

"ఉద్వాసనంటే ఉద్యోగం పీకేసేదనుకుంటి. పేపర్లో అట్లనే రాస్తారు."

"పేపరోళ్ళకు మర్యాద యాడిదప్పా?"

"అయితే వచ్చి చెప్పండి."

ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు. "సర్కారుకు ఎదురు పోయే మనిషిని కాదు నేను."

"మీ ఎకరా పోతాది సామీ."

ఆయన మళ్ళీ ఉత్తరీయమే సర్దుకున్నాడు. సరస్వతీబాయే మాట్లాడింది. "పోయి చెప్పి రండి. మంత్రం చదివితే కేసు పెడతారా? పెట్టనీ, నేను వచ్చి విడిపించుకుంటా."

మరుసటి సోమవారం భీమరావు సిద్దగేరి బస్సు దిగాడు. చేను చేనుకు పోయి, అక్షతలు వేసి, రాయిని చేత్తో ఇంత కదిలించి, చివర "యథాస్థానం" అన్నాడు. హంపమ్మ చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నది.

"యథాస్థానమంటే యాడికి సామీ?"

"యాడ నుంచి వచ్చిందో ఆడికి తల్లీ."

"ఆదోని ఆఫీసు నుంచి వచ్చింది." ఆమె కొంగు నడుముకు చుట్టింది. "ఈరప్పా, గడ్డపార తే. దీన్ని ఆడ ఇడిసిపెట్టి రావాల."

రెండు నెలలు నేను గొంతు చించుకుని చెప్పింది అదే కదా! నేను చెబితే కదలలేదు. సంస్కృతంలో చెబితే కదిలారు. ఒక్క పూటలో రాళ్ళన్నీ లేచాయి. అక్క తన రాయిని ట్రాక్టరులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో నేను "భూసేకరణ నోటీసు" అని అరిస్తే నలుగురు "రద్దు చేయాలి" అని గొణిగారు. వెనక నుంచి ఈరప్ప "గోవిందా!" అన్నాడు. ట్రాక్టరు అదిరిపోయింది. నాకు తల బాదుకోవాలనిపించింది.

ఆదోని ఆఫీసు గేటు దగ్గర కానిస్టేబులు పసుపు రాళ్ళు చూసి లాఠీ చంకలో పెట్టుకుని దండం పెట్టాడు.

"దేవుడు పోయినాడు సార్. ఇప్పుడది వట్టి రాయే" అన్నాను.

"ఎందుకైనా మంచిదన్నా" అన్నాడు.

పెద్దసారు క్యాంపులో ఉన్నాడు. ఎప్పుడూ క్యాంపే. చిన్నసారు వరండాలోకి వచ్చి రాళ్ళ కుప్ప చూశాడు. చేతిలో పేపరు ముక్క, పోయిన వారం ఫోటో. "మీరే పూజలు చేశారు కదమ్మా? అంటే ఒప్పుకున్నట్టే కదా."

"సేసినాం సార్" అంది హంపమ్మ. "ఉద్వాసన గూడా సెప్పినాం. అది గూడా పేపర్లో ఏపియ్యండి."

వేయలేదు. 'ట్రాక్టరుతో రాకపోకలకు అంతరాయం' అని వేశారు. అందరం పీకితే కేసు నిలవదని చెప్పినవాణ్ణి నేను. కేసు పెట్టారు, నా ఒక్కడి మీదే. సర్కారు ఆస్తి ధ్వంసం చేశానట. సర్కారు ఆస్తి అంటే ఆ రాళ్ళు. మా చేలు ఎవరి ఆస్తో స్టేషన్లో అడిగాను. కూర్చోమన్నారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

వారం తిరక్కుండా సర్వే వాళ్ళు మళ్ళీ దిగారు. ఈసారి పోలీసులతో, సిమెంటు దిమ్మెలతో. పాత గుంతలనే వెడల్పు చేసి పాతడం మొదలుపెట్టారు. అక్క చేనులో గుంత తవ్వి దిమ్మె తేవడానికి ఇటు తిరిగేసరికి హంపమ్మ ఆ గుంతలో కాళ్ళు దించి కూర్చుంది.

"ఏమ్మా, లెయ్యి."

"లేస్తా. ముందు ఉద్వాసన సెప్పండి."

"ఏం చెప్పాలి?" సర్వేయరుకు అర్థం కాలేదు.

"రాయిని పీకేదానికే మేము మర్యాదగా సెప్పి పంపినాం నాయనా. పంపితే పోయేదానికి దానికి ఆఫీసుండాది. నన్ను పంపితే నేను యాడికి పోవాల? ఆ సోటు సూపించు, లేస్తా."

సర్వేయరు చేతిలోని ట్యాబు చూసుకున్నాడు. అందులో చేను ఉంది, హద్దు ఉంది, ఆ చోటు మాత్రం లేదు. ఎస్సై ఫోను చేశాడు. రేపు మహిళా పోలీసులతో వస్తామని చెప్పి ఆ ఒక్క గుంత వదిలి పక్క చేలకు పోయారు. మిగతా గుంతల్లో దిమ్మెలు దిగాయి. చేల వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. చూస్తూ!

"నీ సేన్లో దిమ్మె దించుతాంటే ఏం సేస్తాంటివి?" అని ఈరప్పను అడిగాను.

"సూస్తాంటి."

"రేపు గుంతకొక మనిషి కావాల. వస్తావా?"

"రేపు ఎమ్మిగనూరులో పెండ్లి ఉండాదన్నా."

ఇల్లిల్లూ తిరిగాను. "వస్తాం లేప్పా" అన్నారు అందరూ. ఆ 'లేప్పా'కు అర్థం రామని. పొద్దు గుంకేవేళ అక్కకు సద్ది తీసుకుని చేనికి పోయాను. గుంతలో నుంచి లేవలేదు ఆమె. లేస్తే మళ్ళీ కూర్చోవడానికి మోకాళ్ళు వంగవంటుంది.

పక్క చేనులో ఏదో అలికిడి. ఈరప్ప. గడ్డపార పట్టుకుని కొత్త దిమ్మె చుట్టూ తిరుగుతున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"శేషన్నా, దీనికింగా పసుపు పూయలేదు."

"అయితే?"

"పూయకముందే పీకితే తప్పులేదు గదా? ఆచార్లకు ఒక్క ఫోను సేసి అడుగుతావా?"

"అడగను" అన్నాను. "పీకు."